కంప్యూటర్‌లో ఉన్న పైథాన్ ఏది? చదువుతున్న పాఠం ఏ పైథాన్‌ది?

మన ఇళ్లలో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలు చాలామంది ఇప్పుడు పైథాన్ నేర్చుకుంటున్నారు. సీబీఎస్ఈ కంప్యూటర్ సైన్స్‌లో అదే భాష. తమిళనాడు రాష్ట్ర పాఠ్యపుస్తకంలోనూ పన్నెండో తరగతికి అది ఉంది. కొత్త కంప్యూటర్ కొనే స్థోమత అందరికీ ఉండదు కనుక అన్న వాడి వదిలేసినదో, వేలంలో చవగ్గా వచ్చినదో పిల్లల చేతికి వస్తుంది. పాఠంలో ఉన్నది ఉన్నట్టు కొట్టినా ఎర్రక్షరాలతో తప్పు అంటుంది. తమకు ఈ చదువు అబ్బదని పిల్లలు అనుకునేది అక్కడే. నిజానికి తప్పు పిల్లలది కాదు, పాఠానిదీ కాదు. కంప్యూటర్‌లో ఉన్నది ఒక వెర్షన్, పాఠం చెప్పేది మరో వెర్షన్.

ఆఫీసుల్లో పనిచేసినవారికి ఇది కొత్త సంగతి కాదు. ఒక జీవో చేతికొస్తే ముందు తేదీ చూస్తాం, తర్వాత సవరణ ఏమైనా వచ్చిందా అని వెతుకుతాం. పైథాన్‌కూ అంతే.

పెద్ద మార్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఆ నెలలో విడుదలైన పైథాన్ 3, పాత 2తో పూర్తిగా పొసగదు. పాత 2.7కు 2020 జనవరి 1తో ఆదరణ ముగిసింది. అయినా పాత యంత్రాల్లోనూ పాత గైడు పుస్తకాల్లోనూ అది ఇంకా ఉంది. ప్రింట్ తర్వాత బ్రాకెట్లు లేకుండా రాసే అలవాటు దానిదే. కొత్తదానిలో అలా రాస్తే వెంటనే తప్పు చూపిస్తుంది, అది మంచిదే. చడీచప్పుడు లేకుండా తేడా చేసేవాటితోనే ప్రమాదం. 7ను 2తో భాగిస్తే పాతది 3 అంటుంది, కొత్తది 3.5 అంటుంది. చందాల లెక్క దాంతో వేస్తే అర్ధరూపాయిలన్నీ గాలికి పోతాయి, అడిగేవాడు ఉండడు.

మన భాషకు సంబంధించిన తేడా కూడా ఒకటుంది. ‘తెలుగు’ అనే మాట పొడవెంత అని అడిగితే పైథాన్ 3 ఆరు అంటుంది. మన కంటికి మూడక్షరాలే, కానీ గుణింతపు గుర్తులను అది విడిగా లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో దాచిన ఫైలుకు పైథాన్ 2 చెప్పే జవాబు పద్దెనిమిది, ఎందుకంటే అది బైట్లను లెక్కిస్తుంది. సభ్యుల పేర్లు తెలుగులో పెట్టుకోదలచిన సంఘాలు పాతదాని జోలికి పోకపోవడమే మేలు.

3లోనూ అన్నీ ఒకటి కావు. పేరు ముందున్న ‘శ్రీ’ని తీసేయడానికి రిమూవ్‌ప్రిఫిక్స్ అనే సౌకర్యం 3.9లో వచ్చింది. 3.8 ఉన్న యంత్రంలో అది లేదనే జవాబు వస్తుంది. (ఉన్నచోట కూడా ‘శ్రీ’ తర్వాతి ఖాళీని కలిపి ఇవ్వాలి, లేకపోతే శ్రీనివాసులు గారు నివాసులు గారవుతారు.) ఇంకొక మాట. 3.10 అంటే 3.1 కాదు. చుక్క తర్వాతిది దశాంశం కాదు, పది అని చదవాలి. 3.9 కంటే 3.10 కొత్తది.

ఇక తెలుసుకోవడం ఎలా? విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో పైథాన్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, రెండు అడ్డగీతలు, వాటికి ఆనించి వెర్షన్ అని కొట్టాలి. సంఖ్య కనిపిస్తుంది. విండోస్ 10లో ఒక్కోసారి సంఖ్యకు బదులు మైక్రోసాఫ్ట్ స్టోర్ వైపు పంపుతుంది. అప్పుడు పైథాన్‌కు బదులు పీ, వై అనే రెండక్షరాలు వాడి చూడండి. లినక్స్‌లో పైథాన్ పక్కనే 3 చేర్చి అడగాలి.

ఒకే యంత్రంలో రెండు మూడు పైథాన్‌లు ఉండటం మామూలే. కమాండ్ ప్రాంప్ట్‌లో జవాబిచ్చేది ఒకటి, పిల్లలు ప్రోగ్రాం నడిపేది ఇంకొకటి కావచ్చు. అందుకని ప్రోగ్రాంలోనే అడగడం ఖాయమైన పద్ధతి: మొదటి వరుసలో సిస్ అనే మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, రెండో వరుసలో సిస్, చుక్క, వెర్షన్ అన్నదాన్ని ప్రింట్ చేయించాలి. ఐడిల్ వాడేవారికి ఇదీ అక్కర్లేదు, తెరవగానే పైవరుసలో సంఖ్య ఉంటుంది.

సంఖ్య తెలిశాక పైథాన్ అధికారిక డాక్యుమెంటేషన్ పేజీకి వెళ్లండి. మామూలుగా తెరుచుకునేది అన్నిటికన్నా కొత్తదానిది. పైభాగంలో వెర్షన్ ఎంచుకునే పెట్టె ఉంటుంది, మన సంఖ్యను అక్కడ ఎంచుకోవాలి. మొదటి రెండు అంకెలు కలిస్తే చాలు, 3.8.10కి 3.8 పేజీలే. ఐడిల్‌లో ఎఫ్1 మీట నొక్కితే ఆ వెర్షన్‌కు తగిన పత్రాలే తెరుచుకుంటాయి. ఇంత సులువైన దారి ఉందని క్లాసుల్లో ఎందుకు చెప్పరో మాకు అర్థం కాదు.

విండోస్ 7 ఉన్న యంత్రాలవారికి ప్రత్యేకంగా ఒక మనవి. వాటిలో 3.9 గానీ ఆపై వెర్షన్ గానీ ఎక్కదు, 3.8తోనే ఆగాలి. ఎక్కించడానికి గంటలు వృథా చేయకండి. 3.8 పత్రాలు ఇప్పటికీ అధికారిక చోటే దొరుకుతాయి. బడి పాఠాలకు 3.8 సరిపోతుంది.