ఏడవ వంతు చిక్కు

"ఒక రాశికి దాని ఏడవ వంతు కలిపితే 19 అవుతుంది. ఆ రాశి ఎంత?"

పిల్లలూ, ఈ లెక్క వయస్సు సుమారు 3,500 సంవత్సరాలు! ఈజిప్టు దేశంలో ఆహ్మెస్ అనే లేఖకుడు అంతకన్న పాత గ్రంథం చూసి, పెపైరస్ అనే నీటిమొక్క కాడలతో చేసిన చుట్టమీద దీనిని రాశాడు. 1858లో రిండ్ అనే స్కాట్లండు దేశస్థుడు ఆ చుట్టను కొన్నాడు. అది లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది.

ఆ చుట్టలో లెక్క చేసిన తీరు చూడండి. ముందు జవాబు 7 అనుకున్నారు. 7లో ఏడవ వంతు 1 గదా! రెండూ కలిపితే 8. కావలసింది 19. 8ని 2 3/8 రెట్లు చేస్తే 19 అవుతుంది. కనుక 7ని కూడా అన్ని రెట్లే చేశారు. జవాబు 16 5/8. 1150లో భాస్కరాచార్యుడు రచించిన 'లీలావతి'లో కూడా ఇటువంటి పద్ధతి ఉన్నది. అక్కడ దాని పేరు 'ఇష్టకర్మ'.

ఇప్పుడు బడిలో దీనికి సమీకరణం రాస్తాం. మన ప్రాచీన బీజగణితంలో తెలియని రాశిని 'యావత్తావత్' అనేవారు. అనగా 'ఎంతో అంత' అన్నమాట. దానినే క్లుప్తంగా 'యా' అని రాసేవారు. మనమూ అలాగే రాద్దాం.

యా + యా/7 = 19

భిన్నం పోవాలంటే 7తో గుణించాలి. చాలామంది తడబడేది ఇక్కడే. భిన్నాన్ని మాత్రమే గుణించి, యా + యా = 19, కనుక యా = 9 1/2 అంటారు. 9 1/2కి దాని ఏడవ వంతు కలిపి చూడండి. 11 అయినా కాదు!

సమీకరణం తక్కెడ వంటిది. ఒక తట్టలోని సరుకంతా ఏడు రెట్లు చేసి, రెండవ తట్టలోదీ ఏడు రెట్లు చేస్తేనే ముల్లు నిలుస్తుంది. కనుక ప్రతి పదాన్నీ 7తో గుణించాలి.

7యా + యా = 133
8యా = 133
యా = 133/8 = 16 5/8

సరిచూద్దాం. 16 5/8లో ఏడవ వంతు 2 3/8. రెండూ కలిపితే సరిగా 19. ఆహ్మెస్ చుట్టలో కూడా లెక్క చివర ఇలా సరిచూసి ఉన్నది.

తల్లిదండ్రులకు ఒక మాట: పిల్లలు లెక్క చేసి తెచ్చినప్పుడు "ఒప్పు", "తప్పు" అని వెంటనే చెప్పకండి. "సరిచూశావా?" అని అడగండి.

పిల్లలూ, అదే చుట్టలోని మరొక లెక్క ఇదుగో: ఒక రాశికి దాని నాలుగవ వంతు కలిపితే 15. రెండు పద్ధతులలోనూ చేయండి. జవాబు సరియైనదో కాదో ఎవరినీ అడగనక్కరలేదు. లెక్కే చెబుతుంది.