అన్నిటికీ బరువే కారణమా?

హోసూరు, సూళగిరి, డెంకణికోట పరిసర పల్లెల నుండి ఆసుపత్రికి వెళ్ళివచ్చిన స్త్రీలను "డాక్టరు ఏమన్నారు?" అని అడిగితే, కొంచెం ఒళ్ళున్న వారి నుండి తరచు వచ్చే జవాబు ఒక్కటే: "బరువు తగ్గమన్నారు." మోకాలి నొప్పికి వెళ్ళినా అదే, ఆయాసానికి వెళ్ళినా అదే, నెలసరి గతి తప్పినా అదే. ఆ సలహా తప్పని కాదు. పలుమార్లు అది సరైనదే. అయితే సలహా వేరు, రోగనిర్ధారణ వేరు. త్రాసు చూపిన అంకెతోనే విచారణ ముగిసిపోతే, అసలు జబ్బు ఆ అంకె చాటున పెరుగుతూనే ఉంటుంది.

2018 మే నెలలో కెనడాలోని విక్టోరియా నగరంలో 64 ఏండ్ల స్త్రీ ఒకామె క్యాన్సరుతో మరణించింది. కొన్నేళ్ళుగా అస్వస్థతతో వైద్యులను ఆశ్రయించినా, బరువు తగ్గమన్న మాట తప్ప మరొక సాయం అందలేదని ఆమె కడపటి కోరికపై మరణ ప్రకటనలోనే ప్రచురించారు. జబ్బు బయటపడే నాటికి శస్త్రచికిత్సకు వీలు లేని స్థితి. ఆ ప్రకటన దేశదేశాల పత్రికలకెక్కింది. అంతటి సదుపాయాలున్న దేశంలోనే అలా జరిగినప్పుడు, ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలు కూడా కేటాయించలేని మన ఓపీ వరుసలలో జరగదని అనుకోలేము.

మన సరిహద్దు ప్రాంతానికి మరొక చిక్కు కూడా ఉన్నది. అది భాషకు సంబంధించినది. తెలుగులో 'బరువు' అన్న మాటకు రెండు అర్థాలు. త్రాసుపై తూగేది ఒకటి. "కాళ్ళు బరువెక్కాయి", "గుండెల మీద బరువు పెట్టినట్టుంది" అన్నప్పుడు తెలిపే బాధ మరొకటి. తమిళంలో మొదటిది 'ఎడై', రెండవది 'బారం'. కన్నడంలో మొదటిది 'తూక', రెండవది 'భార'. "ఒళ్ళంతా బరువుగా ఉంది" అని పల్లెటూరి తల్లి చెప్పిన మాటను వెంట వెళ్ళిన పిల్లవాడు 'ఉడంబు ఎడై' అని తమిళంలో చెప్పాడంటే కథ అడ్డం తిరిగినట్టే. ఆమె చెప్పింది నీరసం. వైద్యుడు విన్నది స్థూలకాయం. గుండె మీద బరువు అన్న మాట 'నెంజుల బారం' అని సరిగా చేరితే వెంటనే ఈసీజీ తీయించవలసిన లక్షణం అది. కనుక తోడు వెళ్ళేవారు 'బరువు' అన్న మాటను అప్పగించి ఊరుకోక, ఎక్కడ, ఎప్పటి నుండి, ఏ పని చేస్తే ఎక్కువవుతున్నదో చెప్పాలి. ఆయాసానికి తమిళంలో 'మూచ్చు వాంగుదు' అంటే చాలు, ఎవరికైనా తెలుస్తుంది.

ఇక వైద్యులు లెక్కగట్టే బీఎమ్ఐ సంగతి. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును ఎత్తుతో గుణించగా వచ్చిన సంఖ్యతో భాగించితే వచ్చేది అది. 1830ల దశకంలో బెల్జియం గణితజ్ఞుడు అడాల్ఫ్ కెత్లే జనసమూహాల సగటును తెలుసుకోవడానికి ఈ లెక్కను కట్టాడు. ఒక్కొక్క రోగి జబ్బును తేల్చడానికి కాదు. బీఎమ్ఐ అన్న పేరు 1972లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఆన్సెల్ కీస్ పెట్టినది. భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని 2009లో మన దేశపు నిపుణులు హద్దు నిర్ణయించారు. అంటే అయిదడుగుల స్త్రీ 58 కిలోలు దాటితేనే స్థూలకాయుల జాబితాలో చేరిపోతుంది. చేనులో పొద్దస్తమానం కలుపు తీసే ఆమెకూ, కూర్చున్న చోటు కదలని ఆమెకూ ఒకే అంకె.

ఈ అంకె ఎంత మోసగించగలదో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక చిన్న వ్యాసం చూపింది. పూణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండను వైద్యుడు జాన్ యుడ్కిన్ ఇద్దరి బీఎమ్ఐ 22.3. కాని దేహంలోని కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. బక్కగా కనిపించే భారతీయునిలోనే కొవ్వు రెట్టింపుకు పైగా దాగి ఉన్నది! కనుక ఈ అన్యాయం సన్నని వారికి కూడా జరుగుతుంది. "నీకేం షుగరు వస్తుందయ్యా" అని పరీక్ష చేయకుండానే పంపివేస్తారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిందా అన్నది మన వారికి అక్కరకొచ్చే ఆనవాలు. బీఎమ్ఐ ఒక్కదానిపైనే ఆధారపడి స్థూలకాయ వ్యాధిని నిర్ణయించరాదని 2025 జనవరిలో అంతర్జాతీయ నిపుణుల సంఘం కూడా చెప్పింది.

బరువు కారణం కాదు, ఫలితం అయ్యే సందర్భాలు కుటుంబాలవారు తప్పక తెలుసుకోవాలి. థైరాయిడు మందగించితే బరువు కొంత పెరుగుతుంది, నీరసం, మలబద్ధకం, చలి ఓర్వలేకపోవడం తోడవుతాయి. టీఎస్‌హెచ్ అనే ఒక్క రక్తపరీక్షతో తెలిసిపోతుంది. గుండె, మూత్రపిండాలు చెడితే ఒంట్లో నీరు చేరుతుంది. మూడు రోజులలో రెండు కిలోలు పెరిగారంటే అది కొవ్వు కాదు, నీరు. కాలి వాపును వేలితో నొక్కితే గుంట పడుతుంది. పడుకుంటే ఆయాసం ఎక్కువై కూర్చుంటే తగ్గుతున్నదంటే ఆలస్యం చేయరాదు. పొట్ట ఒక్కటే పెరుగుతూ, రెండు ముద్దలకే కడుపు నిండిపోతున్నదంటే అండాశయంలో గడ్డ ఉన్నదేమో స్కానింగు చేయించాలి. ఆయాసానికి రక్తహీనత కూడా కారణం కావచ్చు. లావుగా ఉన్న స్త్రీకి రక్తం తక్కువ ఉండదన్నది ఉత్త భ్రమ.

అన్నిటికన్నా మన పల్లెలలో ఎక్కువ భయపడవలసినది మందులతో వచ్చే బరువు. కీళ్ళ నొప్పులకు చీటీ లేకుండా ఇచ్చే మాత్రలలో, నాటుమందు పేరిట అమ్మే పొడులలో స్టెరాయిడ్లు కలిపి ఉండడం కద్దు. నొప్పి నాలుగు రోజులలో మాయమవుతుంది కనుక మందు ఇచ్చినవాడు దేవుడైపోతాడు. కొన్ని నెలలకు ముఖం గుండ్రమవుతుంది, పొట్ట పెరుగుతుంది, కాళ్ళు చేతులు సన్నబడతాయి, షుగరు, రక్తపోటు ఎక్కుతాయి. అప్పుడు వైద్యుడు బరువు తగ్గమంటాడు; ఆమె రాగి సంకటి మానేస్తుంది, మాత్రలు మాత్రం మానదు! ఇలాంటి మందు ఎన్నాళ్ళుగానో వాడేవారు దానిని ఒక్కసారిగా ఆపరాదు, అది ప్రాణాంతకం. మిగిలిన మాత్రలను, పొడిని పొట్లంతో సహా వైద్యునికి చూపాలి. ఇన్సులిను, కొన్ని షుగరు మాత్రలు, మూర్ఛకు, మానసిక వ్యాధులకు ఇచ్చే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి. వాటిని మార్చవచ్చునేమో వైద్యుని అడగాలే గాని స్వంతంగా మానరాదు.

దీనికి తిరగబడ్డ పొరపాటు మరొకటి. లావుపాటి మనిషి ఏ ప్రయత్నమూ లేకుండా చిక్కిపోతే చుట్టాలు మెచ్చుకుంటారు, కొన్నిసార్లు వైద్యులు కూడా. ఆరు నెలల నుండి ఏడాది లోపల బరువులో ఇరవయ్యో వంతు దానంతట అది తగ్గిందంటే షుగరు, క్షయ, క్యాన్సరు ఉన్నాయేమో చూడాలి.

వైద్యుల పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. అరిగిన మోకాలికి బరువు నిజంగానే శత్రువు. ఒక కిలో తగ్గితే అడుగడుగుకు మోకాలిపై నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని 2005లో అమెరికాలో జరిగిన అధ్యయనం తేల్చింది. షుగరు, రక్తపోటు, నిద్రలో ఊపిరి ఆగే గురక జబ్బులకు కూడా బరువు తగ్గడం మేలు చేస్తుంది. అయితే త్రాసు ముల్లు కదలకపోతే శ్రమ వృథా అనుకోనక్కరలేదు. చెన్నైలో డాక్టరు ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు పరిశీలించి 2006లో ఫలితాలు ప్రకటించింది. నడక, ఆహారపు మార్పు పాటించిన వారిలో షుగరు వ్యాధి 28.5 శాతం తగ్గింది. వారి బరువు మాత్రం చెప్పుకోదగినంత తగ్గలేదు.

ఆసుపత్రిలో ఏమనాలి? వాదన వద్దు, ప్రశ్న చాలు. "ఇదే బాధతో సన్నని మనిషి వస్తే ఏ పరీక్ష చేయిస్తారు సార్?" తమిళంలో అయితే, "ఒల్లియా ఇరుక్కిఱవంగ ఇదే తొందరవోడ వందా ఎన్న టెస్టు పణ్ణువీంగ?" బెంగుళూరు వైపు వెళ్ళినవారు, "తెళ్ళగిరువవరు ఇదే తొందరె ఇట్కొండు బందరె యావ టెస్టు మాడుత్తీర?" అని అడగవచ్చును. పరీక్ష అవసరం లేదంటే ఎందుకు లేదో చీటీలో వ్రాయమని మర్యాదగా కోరాలి. వ్రాయవలసి వచ్చినప్పుడు చాలామంది మరొకసారి ఆలోచిస్తారు. రక్తపోటు చూసే పట్టీ సంగతి కూడా గమనించాలి. లావుపాటి చేతికి చిన్న పట్టీ చుట్టితే లేని రక్తపోటు కనిపిస్తుంది, పెద్ద పట్టీ అడగాలి. 2021 ఆగస్టు 5న ఈ జిల్లాలోని సామనపల్లిలో ప్రారంభమైన 'మక్కళై తేడి మరుత్తువం' పథకం క్రింద ఇంటికి వచ్చిన కార్యకర్తలు చూసిన బీపీ, షుగరు అంకెలు తేదీతో ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టుకుంటే ఆసుపత్రిలో మాటకు బలం చేకూరుతుంది.

అప్పటికీ తృప్తి కలగకపోతే వేరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడం రోగి హక్కు. జాతీయ మానవ హక్కుల సంఘం రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో అది ఉన్నది. కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమైంది. వేపనపల్లి వైపు వారికి కుప్పం వైద్య కళాశాల దగ్గర, హోసూరు వారికి బెంగుళూరు దగ్గర. ఎక్కడికి వెళ్ళినా పాత కాగితాలు వెంట ఉండాలి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందినవారు తమ రికార్డులు కోరితే 72 గంటలలో ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. దరఖాస్తు వ్రాతలో ఇచ్చి, నకలు మీద తేదీ వేయించుకుని ముద్ర కొట్టించుకోవాలి.