బాణీ అరువు, ముద్ర సొంతం

ఈ మధ్య వచ్చే ర్యాప్ పాటలు వింటూ కారు నడిపేవాళ్ళు ఒక సంగతి గమనించే ఉంటారు. పాట మొదలయ్యీ కాకముందే ఒక గొంతు ఎవరిదో పేరు చెబుతుంది. అది పాడేవాడి పేరు కాదు, ఆ సంగీతం కట్టినవాడి పేరు. ఆ రంగంలో ఆయన్ని ప్రొడ్యూసర్ అంటారు. మన సినిమా నిర్మాతలాగా డబ్బు పెట్టే మనిషి కాదు. డ్రమ్ములు, బేసు, మధ్యలో ఎక్కడిదో పాత పాట ముక్క, ఇవన్నీ పేర్చి 'బీటు' తయారుచేసేవాడు. ఆ రెండు సెకన్ల పేరుని 'ట్యాగ్' అంటారు. (నిర్మాతకీ, ఈ ప్రొడ్యూసర్‌కీ ఉన్న తేడా కాస్త గుర్తుపెట్టుకోండి. ముందు ముందు అవసరం పడుతుంది.)

మనకి ఇదేమీ కొత్త కాదు. త్యాగయ్య కీర్తన చివరి చరణంలో తన పేరు పెట్టుకున్నాడు. క్షేత్రయ్య పదానికి మువ్వగోపాలుడు ముద్ర, వేమన పద్యానికి మకుటం. పాట నోటి నుంచి నోటికి పాకే రోజుల్లో కర్త పేరు పాటలోనే ఉంటే తప్ప నిలవదు. రీడ్‌మీ ఫైలు ఎక్కడో పోతుంది గానీ కోడు మధ్యలో రాసిన పేరు కోడుతోనే తిరుగుతుంది కదా, అలాగన్నమాట. అయితే ముద్ర ఉన్నంత మాత్రాన సరుకు అసలుదని నమ్మడానికి లేదు. వేమన మకుటం తగిలించుకుని తిరిగే పద్యాలలో ఆయనవి కానివి చాలా ఉన్నాయి. ఇంకో వైపు ముత్తుస్వామి దీక్షితులున్నారు. ఈస్టిండియా కంపెనీ బ్యాండువాళ్ళు వాయించే పాశ్చాత్య బాణీలు తీసుకుని వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. బ్రిటిషు జాతీయగీతం బాణీని కూడా వదల్లేదు! ఇప్పుడు వాటిని నొట్టుస్వరాలని భక్తిగా పాడుకుంటున్నాం. బాణీ అరువు, ముద్ర సొంతం. హిప్‌హాప్ వ్యాపారమంతా దాదాపు ఈ రెండు మాటల్లోనే ఉంది.

హిప్‌హాప్ పుట్టిల్లు న్యూయార్కులోని బ్రాంక్స్ అయినా, అది రికార్డుగా అమ్ముడుపోవడం నేర్చుకున్నది మా న్యూజెర్సీలో. ప్లెయిన్స్‌బరో నుంచి టర్న్‌పైక్ ఎక్కితే గంటా గంటంబావులో ఇంగిల్‌వుడ్ వస్తుంది. సిల్వియా రాబిన్సన్ అనే ఆవిడ అక్కడ నడిపిన షుగర్ హిల్ రికార్డ్స్ నుంచి 1979లో 'రాపర్స్ డిలైట్' వచ్చింది. ర్యాప్‌లో మొదటి పెద్ద హిట్టు అదే. దాని బేసు షీక్ బృందం అదే ఏడు విడుదల చేసిన 'గుడ్ టైమ్స్' లోది. స్టూడియోలో మనుషుల్ని పెట్టి మళ్ళీ వాయించారు. షీక్‌వాళ్ళు కోర్టుకి వెళతామనేసరికి నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ పేర్లు రచయితలుగా చేర్చారు. దానికంటే తమాషా మాటల సంగతి. పాడిన ముగ్గురిలో బిగ్ బ్యాంక్ హ్యాంక్ ఇంగిల్‌వుడ్‌లో పిజ్జా కొట్టులో పనిచేసేవాడు. తన వంతు మాటల్ని బ్రాంక్స్‌కి చెందిన గ్రాండ్‌మాస్టర్ కాజ్ దగ్గర తెచ్చుకున్నాడు. కాజ్‌కి 'కాసనోవా ఫ్లై' అని ఇంకో పేరుంది. ఆ పేరు అక్షరం అక్షరం విడదీసి చెప్పుకునే చోటు కూడా హ్యాంక్ ఉన్నదున్నట్టు పాడేశాడు! కాపీ, పేస్టు చేసేటప్పుడు పైన ఉన్న రచయిత పేరు తీసేయడం మరచిపోయినవాళ్ళు మన ఆఫీసుల్లోనూ కనబడతారు. కాజ్‌కి రికార్డు మీద పేరు రాలేదు, డబ్బూ రాలేదు. ముద్ర మాత్రం పాటలో ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

మళ్ళీ వాయించే అవసరం లేకుండా చేసింది శాంప్లరు. 1987లో వచ్చిన ఈము కంపెనీ ఎస్‌పి-1200 ఆ తరానికి ఆయుధం. పన్నెండు బిట్లు, సెకనుకి సుమారు 26 వేల నమూనాలు, మొత్తం పది సెకన్ల జాగా. లెక్కవేస్తే 400 కిలోబైట్ల లోపే. అందులోనే పాట మొత్తం కుదరాలి. కుర్రాళ్ళు ఏం చేశారంటే, 33 వేగంతో తిరగవలసిన రికార్డుని 45లో తిప్పి ఎక్కించుకుని, తర్వాత యంత్రంలో వేగం తగ్గించేవారు. పది సెకన్లలో పదమూడు సెకన్ల పైచిలుకు సంగీతం పట్టేది. తగ్గించినప్పుడు శబ్దం కొంచెం గరగరలాడేది. జాగా పొదుపు కోసం వేసిన ఆ ఎత్తే ఒక శైలి అయి కూర్చుంది. ఇవాళ ఎన్నో గిగాబైట్లున్న ల్యాప్‌టాపులో ఆ గరగర కోసం ప్లగిన్లు కొనుక్కుంటున్నారు.

1991లో న్యూయార్కు కోర్టు బిజ్ మార్కీ అనే ర్యాపర్ వాడుకున్న పాత పాట ముక్కని సాఫీగా దొంగతనం అనేసింది. ఆయన తర్వాతి ఆల్బం పేరే 'శాంపుల్స్ అన్నిటికీ అనుమతి ఉంది' అనే అర్థం వచ్చేలా పెట్టుకున్నాడు. అప్పట్నుంచీ ముక్క వాడాలంటే కాగితం కావాలి.

కాగితం అంటే ఎవరి కాగితం? ఇక్కడే మనకి బాగా తెలిసిన మనిషి ఒకాయన వస్తాడు. 'సింహాసనం'(1986), 'గ్యాంగ్ లీడర్'(1991) పాటలతో తెలుగువాళ్ళని ఊపేసిన బప్పీ లాహిరి. మెడనిండా బంగారు గొలుసులు, నల్లకళ్ళద్దాలు. అమెరికా ర్యాపర్లకి దీటైన వేషం. సొంత బ్రాండు గురించి ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. అరువు విషయంలోనూ అంతే. 'డిస్కో డాన్సర్'(1982)లో 'ఔవా ఔవా' విని బగుల్స్ బృందం 1979 పాటని గుర్తుపట్టనివాళ్ళు తక్కువ.

2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని 'అడిక్టివ్' పాట బిల్‌బోర్డులో మొదటి పదిలోకి వెళ్ళింది. ప్రొడ్యూసర్ డీజే క్విక్, కంపెనీ డాక్టర్ డ్రేకి చెందిన ఆఫ్టర్‌మాత్. పాట వెనక పొడుగునా వినిపించేది లతా మంగేష్కర్ గొంతు. 'జ్యోతి'(1981) సినిమాకి బప్పీ కట్టిన 'థోడా రేషమ్ లగ్తా హై'. అడగలేదు, పేరూ వేయలేదు. బప్పీ లాస్ ఏంజెలస్‌లో దావా వేశాడు. 2003లో జడ్జి ఆయన పేరు వేయకుండా ఆల్బం అమ్మవద్దన్నారు. మనవాళ్ళు పండగ చేసుకున్నారు. దొంగని దొంగ పట్టుకున్నాడని నవ్వినవాళ్ళూ లేకపోలేదు.

తర్వాతి కథ అంతగా ఎవరూ చెప్పుకోలేదు. ఆ దావా ఓడిపోయింది. క్విక్ చేసింది సబబని కోర్టు అనలేదు. ఆ బాణీ మీద బప్పీకే హక్కు లేదంది. సినిమా నిర్మాణ సంస్థ ఆయన్ని డబ్బిచ్చి పెట్టుకుంది కాబట్టి హక్కు నిర్మాతది, ఆ తర్వాత నిర్మాత దగ్గర తీసుకున్న రికార్డు కంపెనీది. ఇందుకు ఆధారం 1977లో మన సుప్రీంకోర్టు చెప్పిన తీర్పే. పైగా, ఈ సంగతి తెలిసీ కేసు లాగినందుకు బప్పీ లాయరు అవతలివాళ్ళ ఖర్చుల కింద సుమారు రెండున్నర లక్షల డాలర్లు కట్టాలన్న ఉత్తర్వుని 2010లో పైకోర్టు సమర్థించింది. బాణీ కట్టినవాడికి బాణీ లేదు, డబ్బు పెట్టినవాడిది. మొదట్లో గుర్తుపెట్టుకోమన్న తేడా ఇదే.

ఈ లెక్క మనకి అర్థం కాకపోదు. కన్సల్టెంటుగా క్లయింటు దగ్గర నేను రాసిన ప్రోగ్రాములు ఎక్కడెక్కడ నడుస్తున్నాయో నాకే తెలియదు. ఒక్కదాని మీదా నా పేరుండదు. నెల తిరిగేసరికి చెక్కు వస్తుంది, సంతకం పెట్టిన కాగితం ప్రకారం అంతటితో సరి. తేడా అల్లా, నా ప్రోగ్రాము విని ఎవరూ డాన్సు చెయ్యరు.

భారతదేశంలో 2012లో చట్టం మార్చారు. సినిమాకి పనిచేసిన రచయితా, సంగీత దర్శకుడూ థియేటరు బయట వాడకాలకి తమకు రావలసిన రాయల్టీని వదులుకుంటున్నట్టు రాసిచ్చినా ఇప్పుడది చెల్లదు. బప్పీ 2022లో పోయాడు. 1981 పాటకి ఈ మార్పు వల్ల ఒరిగిందేమీ లేదు. ఇక 2017లో బాలు అమెరికా పర్యటనలో ఉండగా ఇళయరాజా నుంచి నోటీసు వచ్చినప్పుడు ఇక్కడి మనవాళ్ళంతా తలా ఒక పక్షం పట్టారు. నేనైతే ఇద్దరి పాటలూ వింటూ ఊరుకున్నాను. అయితే కట్టినవాడు తన హక్కు అడగడమే తప్పన్నట్టు కొందరు మాట్లాడిన తీరు నాకు నచ్చలేదు.

మళ్ళీ ట్యాగ్ దగ్గరికి వద్దాం. దాని మొదటి ఉపయోగం బ్రాండు కాదు, కాపలా. బీటు కొనేముందు వినిపించడానికి ఇచ్చే ఫైలులో కొన్ని సెకన్లకోసారి పేరు వచ్చేలా పెట్టేవారు, ఫొటోల మీద నీటిగుర్తులాగా. డబ్బు కడితే పేరు లేని ఫైలు ఇస్తారు. రానురాను పేరున్న ప్రొడ్యూసర్ల దగ్గర ఇది తిరగబడింది. డబ్బు కట్టినవాళ్ళే ట్యాగ్ ఉంచమని అడుగుతున్నారు, ఆ పేరు ఉంటేనే పాటకి గిరాకీ కనక. మా న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌కి చెందిన జస్ట్ బ్లేజ్ పేరు జనానికి తెలిసింది పాటల్లో వినబడే కేక వల్లే. శైలికి కాపీరైటు లేదు. డ్రమ్ము వరస ఎవరైనా అనుకరించవచ్చు. యూట్యూబులో 'ఫలానావారి టైప్ బీట్' అని పెద్దవాళ్ళ పేరు పెట్టి అమ్మే అంగడి అలాగే పుట్టింది. వెతికేవాడికి దొరకాలంటే వేరేవాడి పేరు తగిలించాలి, దొరికాక గుర్తుండాలంటే తన ట్యాగ్ వినిపించాలి.

మా కాలనీలో ఒక మిత్రుడి కొడుకు, హైస్కూలు కుర్రాడు, ఎఫ్‌ఎల్ స్టూడియోలో ఇలాంటివి చేసి అమ్ముతున్నాడు. ఆ మధ్య ఒక కొనుగోలుదారు పంపిన ఒప్పందం తెచ్చి, "అంకుల్, ఇది ఓకేనా?" అన్నాడు. అందులో 'ఎక్స్‌క్లూజివ్' అన్న మాట పక్కనే, బీటుని కిరాయికి చేసిన పనిగా లెక్కగడతారని మరో వాక్యం ఉంది. బప్పీని ముంచింది అలాంటి లెక్కే. వాడికి 'ఓల్డ్ టౌన్ రోడ్' కథ చెప్పాను. యంగ్‌కియో అనే డచ్చి కుర్రాడు పెట్టిన బీటుని లిల్ నాస్ ఎక్స్ 30 డాలర్లకు లీజు తీసుకున్నాడు. 2019లో ఆ పాట 19 వారాలు బిల్‌బోర్డులో మొదటి స్థానంలో ఉంది. లీజే కాబట్టి కియో పేరు పాట మీద మిగిలింది. అయితే ఆ బీటులోని బాంజో ముక్క నైన్ ఇంచ్ నెయిల్స్ 2008లో విడుదల చేసిన సంగీతంలోది. దాని మీద క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఉంది. మార్చుకోవచ్చు, పేరు చెప్పాలి, వ్యాపారానికి మాత్రం వాడకూడదు. జిపిఎల్ కోడుని కంపెనీ ఉత్పత్తిలో కలిపేసినట్టే అయింది. మళ్ళీ మాట్లాడుకుని, ట్రెంట్ రెజ్నర్, ఆటికస్ రాస్ పేర్లు చేర్చాకే వ్యవహారం ఒక కొలిక్కి వచ్చింది.

కుర్రాడు అంతా విని, తన బీటులో వాడిన వీణ ముక్క ఏ రికార్డులోదో తనకే గుర్తులేదన్నాడు. ఆ ఒప్పందం మీద ఇంకా సంతకం పెట్టలేదు. వాళ్ళ అమ్మమ్మకి వినిపించి రాగమైనా కనుక్కుంటానని వెళ్ళాడు.