బండికి పవర్ పెంచితే ‘రేసింగ్’ టైమింగ్ బెల్ట్ వేయాల్సిందేనా?

పోలో టీఎస్ఐ, వర్టస్, పాత డస్టర్ డీజిల్ లాంటి బండ్లను రీమ్యాప్ చేయించి పికప్ పెంచుకునే కుర్రాళ్లు మన మధ్య చాలామందే ఉన్నారు. పని అయిందో లేదో మరో సలహా వస్తుంది: ‘పవర్ పెంచావు కదా భాయ్, కంపెనీ టైమింగ్ బెల్ట్ ఆగదు, కెవ్లార్ బెల్ట్ వేయించు.’ దుబాయ్‌లోనో జెద్దాలోనో ఉన్న అన్నకు ఫోన్ చేసి నీలం రంగు రేసింగ్ బెల్ట్ తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. ఇంతకీ ఆ ఖర్చు అవసరమా? రీమ్యాప్ చేయించింది కుర్రాడే అయినా, అదే బండిలో అమ్మీ, అబ్బా, పిల్లలు హైవే మీద ప్రయాణం చేస్తారు. అందుకే ఈ విషయం ఇంట్లో అందరికీ తెలియాలి.

టైమింగ్ బెల్ట్ చేసే పని ఏమిటి?

ఇంజిన్ కింద క్రాంక్ షాఫ్ట్, పైన వాల్వులను తెరిచి మూసే క్యామ్ షాఫ్ట్ ఉంటాయి. ఈ రెండూ ఒకే లయలో తిరగాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఈ రెండింటినీ కలిపి ఉంచేదే పళ్లున్న టైమింగ్ బెల్ట్. ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం మీద ఉంటే ఒక్కో వాల్వు సెకనుకు 50 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది.

చాలా ఇంజిన్లలో పిస్టన్, వాల్వు ఒకే చోటుకి వేర్వేరు సమయాల్లో వచ్చిపోతుంటాయి. బెల్ట్ తెగినా, నాలుగు పళ్లు జారినా ఆ లయ తప్పి రెండూ ఢీకొంటాయి. వాల్వులు వంగుతాయి, ఒక్కోసారి పిస్టన్, హెడ్ కూడా దెబ్బతింటాయి. హైవే మీద వెళ్తుండగా ఇంజిన్ ఇలా ఆగిపోతే స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు రెండు మూడు సార్లు తొక్కేసరికి గట్టిపడిపోతుంది. వెనక లారీ ఉంటే పరిస్థితి ఏమిటో చెప్పక్కర్లేదు.

ముందుగా మీ బండికి అసలు బెల్ట్ ఉందో లేదో తెలుసుకోండి. పాత ఇన్నోవా 2.5 డీజిల్‌కి బెల్ట్, క్రిస్టా 2.4 డీజిల్‌కి చైన్. స్విఫ్ట్ 1.3 డీజిల్‌కి చైన్. పోలో, వర్టస్, స్లావియాల్లోని 1.0 టీఎస్ఐకి, డస్టర్ 1.5 డీజిల్‌కి, హ్యారియర్ 2.0 డీజిల్‌కి బెల్ట్.

పవర్ పెరిగితే బెల్ట్ మీద భారం పెరుగుతుందా?

అందరూ పొరబడేది ఇక్కడే. చక్రాలకు వెళ్లే పవర్ ఈ బెల్ట్ మీదుగా వెళ్లదు. అది పిస్టన్ నుంచి క్రాంక్‌కి, అక్కడి నుంచి క్లచ్, గేర్‌బాక్స్ దారిలో చక్రాలకు చేరుతుంది. బెల్ట్ లాగేది క్యామ్ షాఫ్ట్‌ని మాత్రమే. కొన్ని ఇంజిన్లలో దాంతోపాటు వాటర్ పంప్‌ని, డీజిల్ పంప్‌ని కూడా లాగుతుంది.

కాబట్టి టర్బో ప్రెషర్ పెంచి 20, 30 హార్స్‌పవర్ అదనంగా తీసినా, ఆర్‌పీఎం పరిమితి మారకపోతే, వాల్వు స్ప్రింగులు పాతవే అయితే, బెల్ట్ మీద పడే భారం పెద్దగా మారదు. రీమ్యాప్ తర్వాత ముందు ఇబ్బంది పడేది క్లచ్, గేర్‌బాక్స్, టర్బో. బెల్ట్ వంతు చాలా తర్వాత.

బెల్ట్‌కి నిజంగా పని పెంచేవి వేరే ఉన్నాయి:

- గట్టి వాల్వు స్ప్రింగులు. వాటిని నొక్కడానికి క్యామ్‌కి ఎక్కువ బలం కావాలి. ఆ బలం బెల్ట్ పళ్ల మీదుగానే వస్తుంది.
- రేసింగ్ క్యామ్‌లు. వాల్వుని ఎక్కువ ఎత్తుకి, ఎక్కువ వేగంగా లేపుతాయి. ప్రతిసారీ బెల్ట్‌కి ఒక కుదుపు తగులుతుంది.
- పెంచిన ఆర్‌పీఎం పరిమితి. కంపెనీ పెట్టిన హద్దు దాటి ఇంజిన్‌ను తిప్పితే కుదుపుల వేగం, తీవ్రత రెండూ పెరుగుతాయి.
- డీజిల్ బండ్లలో పెంచిన రైల్ ప్రెషర్. డస్టర్ డీజిల్, పాత పోలో 1.5 టీడీఐ లాంటి వాటిలో హై ప్రెషర్ పంప్‌ని తిప్పేది కూడా ఈ బెల్టే. ట్యూనర్ రైల్ ప్రెషర్ పెంచితే పంప్ బరువెక్కుతుంది, ఆ బరువు బెల్ట్ మీద పడుతుంది. ఎంత పెంచారో ముందే అడగండి.

జపాన్ స్పోర్ట్స్ కార్లలో పేరున్న టయోటా 2జేజెడ్, నిస్సాన్ ఆర్‌బీ26 ఇంజిన్లు రెండూ బెల్ట్‌వే. వాటిని ఫ్యాక్టరీ పవర్‌కి రెండు మూడు రెట్లు పెంచి నడుపుతారు. క్యామ్‌లు, స్ప్రింగులు మార్చి ఎక్కువ ఆర్‌పీఎంలో తిప్పే అలాంటి ఇంజిన్ల కోసమే ఈ రేసింగ్ బెల్టులు పుట్టాయి. ఆఫీసుకీ, పెళ్లిళ్లకీ తిరిగే రీమ్యాప్ పోలో కోసం కాదు.

రేసింగ్ బెల్ట్‌లో తేడా ఏమిటి?

కంపెనీ బెల్ట్ కూడా సాదాసీదా రబ్బరు కాదు. వేడిని, ఆయిల్‌ని కొంతవరకు తట్టుకునే ప్రత్యేక సింథటిక్ రబ్బరు, లోపల గ్లాస్ ఫైబర్ తాళ్లు, పళ్ల మీద నైలాన్ గుడ్డ ఉంటాయి. రేసింగ్ బెల్ట్‌లో ఇంకా గట్టి రబ్బరు వాడతారు, కెవ్లార్ రకం పోగులు కలుపుతారు. పళ్లు తేలిగ్గా ఊడవు, బెల్ట్ సాగడం తక్కువ. అవసరం ఉన్న ఇంజిన్‌లో ఇది మంచి సరుకే.

కానీ బలం వేరు, ఆయుష్షు వేరు. గట్టి బెల్ట్ వేశాం కదా అని మార్చే గడువు రెట్టింపు చేసుకోవడం ప్రమాదం. పోటీల్లో నడిపే బండ్లకు బెల్టుని గడువుకి ముందే మార్చేస్తారు.

బెల్ట్ అసలు ఎందుకు పోతుంది?

గ్యారేజీకి వచ్చే కేసుల్లో బెల్ట్ బలం చాలక తెగినవి అరుదు. వయసైపోవడం, క్యామ్ సీల్ కారి ఆయిల్ తగలడం, కూలెంట్ లీకవడం, టెన్షనర్ బేరింగ్ అరిగిపోవడం, వాటర్ పంప్ బిగుసుకుపోవడం మామూలు కారణాలు. టెన్షనర్ బిగుసుకుపోతే కెవ్లార్ బెల్ట్ అయినా ఎక్కువసేపు నిలవదు. అంటే ఖరీదైన బెల్ట్ తెచ్చి పాత టెన్షనర్ మీద ఎక్కిస్తే డబ్బు వృథా. చాలా బండ్లలో బెల్ట్ ధర కంటే విప్పి బిగించే కూలే ఎక్కువ కాబట్టి, ఒకసారి విప్పాక అన్నీ కలిపి మార్చడమే లాభం.

మార్చేటప్పుడు ఇవి చూసుకోండి

- బెల్ట్ ఒక్కటే కాదు, పూర్తి కిట్ వేయించండి: టెన్షనర్, ఐడ్లర్ పుల్లీలు, బెల్ట్ తిప్పే వాటర్ పంప్, అవసరమైతే ఆయిల్ సీల్స్. ఒక్కసారే వాడాల్సిన బోల్టులుంటే కొత్తవి.
- పార్ట్ నంబర్ సరిపోవాలి. గల్ఫ్ నుంచి వచ్చే బెల్ట్ అదే పేరున్న బండిదైనా ఇంజిన్ వేరు కావచ్చు. పళ్ల సంఖ్య, వెడల్పు, పంటి ఆకారం ఒక్కటైనా తేడా ఉంటే వేయొద్దు.
- బెల్టుని మడవకూడదు, మెలిపెట్టకూడదు, స్క్రూడ్రైవర్‌తో నెట్టి ఎక్కించకూడదు. లోపలి తాళ్లు చిట్లినా పైకి కనిపించదు.
- మెకానిక్ దగ్గర ఆ ఇంజిన్‌కి సరిపోయే టైమింగ్ లాక్ టూల్ ఉండాలి. పెయింట్ గుర్తులతో సరిపెట్టేవాళ్ల దగ్గర వద్దు. బిగించాక స్టార్ట్ చేసే ముందు క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్లీ చూడాలి.
- ఎకోస్పోర్ట్ 1.0 ఎకోబూస్ట్‌లో బెల్ట్ ఇంజిన్ ఆయిల్‌లోనే తడుస్తూ తిరుగుతుంది. అక్కడ మామూలు బెల్ట్ పనికిరాదు, ఆయిల్ గ్రేడ్ కూడా కంపెనీ చెప్పిందే వాడాలి.
- గడువు మాన్యువల్‌లో ఉంటుంది. కిలోమీటర్లు, సంవత్సరాలు రెండూ రాసి ఉంటే ఏది ముందొస్తే అదే లెక్క. సెకండ్ హ్యాండ్ బండి కొని, బెల్ట్ మార్చిన బిల్లు లేకపోతే ముందు ఆ పని చేయించండి. రీమ్యాప్ తర్వాత సంగతి.

చట్టం, ఇన్సూరెన్స్ సంగతి

కంపెనీ బెల్ట్ స్థానంలో కొత్త బెల్ట్ వేయడం రిపేరే, మాడిఫికేషన్ కాదు. కానీ ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పులను 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా పవర్ పెంచితే క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు.

మరి కొనాలా, వద్దా?

రీమ్యాప్ మాత్రమే చేయించారా? అయితే కంపెనీ బెల్ట్ చాలు. మిగిలిన డబ్బు పూర్తి కిట్‌కి, మంచి మెకానిక్ కూలికి పెట్టండి. క్యామ్‌లు, స్ప్రింగులు మార్చి ఆర్‌పీఎం హద్దు పెంచారా? అప్పుడు రేసింగ్ బెల్ట్ కొనండి, మార్చే గడువు మాత్రం తగ్గించుకోండి. డీజిల్ బండిలో రైల్ ప్రెషర్ బాగా పెంచి ఉంటే, గట్టి బెల్ట్ కోసం వెతికే ముందు ఆ ప్రెషర్ తగ్గించమని ట్యూనర్‌కి చెప్పండి. ఇంటిల్లిపాదీ ఎక్కే బండికి అదే మేలు.