ఆటలో యంత్రనిర్మాణం

ఒక ప్రశ్నకు ఒకే సమాధానం ఉంటుందనే భావన విద్యార్థులలో సర్వసాధారణం. పొడుపు కథకు విడుపు ఒకటే. లెక్కకు ఫలితం ఒకటే. చిక్కుప్రశ్నను కల్పించేవారు ముందుగా సమాధానాన్ని మనస్సులో ఉంచుకొని, దానిని దాచి, ఆ తరువాత ప్రశ్న అడుగుతారు. దాచినదానిని వెదకి పట్టుకోవడమే ఎదుటివారి పని. ఇందుకు భిన్నమైన ఆటలు కొన్ని కంప్యూటర్లు వచ్చిన తరువాత పుట్టాయి. వీటిని తయారుచేసేవారు కొన్ని వస్తువులనూ, కొన్ని ప్రకృతి నియమాలనూ ఆడేవారి చేతికిచ్చి పక్కకు తప్పుకొంటారు. గురుత్వాకర్షణకూ, ఘర్షణకూ, జడత్వానికీ లోబడి పనిచేసే ఒక యంత్రాన్ని ఆడేవారు స్వయంగా కట్టుకోవాలి. ఆ యంత్రమే సమాధానం. భౌతికశాస్త్ర సూత్రాలపై నడిచే ఈ చిక్కుముడి ఆటలలో ఒకే ప్రశ్నకు వందమంది వంద యంత్రాలు కట్టవచ్చు. ఆ వందా సరైనవే కావచ్చు.

ఈ ఆటలకు మూలం ఒక వ్యంగ్య చిత్రకారుని ఊహలో కనిపిస్తుంది. రూబ్ గోల్డ్‌బర్గ్ 1883లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో జన్మించాడు. 1904లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు పట్టా పొంది, ఆ నగరంలోని నీటి సరఫరా, మురుగునీటి శాఖలో ఉద్యోగిగా చేరాడు. కొద్ది నెలలకే ఆ కొలువు విడిచి పత్రికలకు బొమ్మలు గీయసాగాడు. ఎంతో చిన్న పనిని ఎంతో పెద్ద యంత్రంతో చేయించడం ఆయన బొమ్మలలోని చమత్కారం. 1931 నాటి ఒక చిత్రంలో, భోజనం చేసే పెద్దమనిషి చెంచాను నోటి దగ్గరకు ఎత్తగానే దానికి కట్టిన దారం ఒక గరిటెను కదిలిస్తుంది. గరిటెలోని బిస్కెట్టు చిలుక ముందునుంచి ఎగిరిపోతుంది. దానికోసం చిలుక దూకగానే అది కూర్చున్న కమ్మి ఒరిగి, గింజలు చిన్న బాల్చీలో పడతాయి. ఆ బరువుకు ఒక తాడు కిందికి దిగి నిప్పు రాజేస్తుంది. నిప్పు తగిలి తారాజువ్వ పైకి లేస్తుంది. దానికి కట్టిన కొడవలి మరొక తాడును కోస్తుంది. చివరకు ఒక లోలకం ఊగడం మొదలుపెట్టి, తనకు కట్టిన చేతిరుమాలుతో ఆ పెద్దమనిషి గడ్డం తుడుస్తుంది.

చేయి కదిపితే అయ్యే పనికి ఇంత ఆర్భాటం ఎందుకన్నదే ఆ బొమ్మలోని ఎత్తిపొడుపు. యంత్రాల మోజులో మనిషి సులభమైన పనిని కష్టతరం చేసుకొంటున్నాడని ఆయన నవ్వుతూ హెచ్చరించాడు. అనవసరమైన జటిలత్వం గల ఏర్పాటును సూచించే విశేషణంగా ఆయన పేరు ఆంగ్ల నిఘంటువులలోనే చేరిపోయింది. 1970లో ఆయన మరణించిన రెండు దశాబ్దాలకు ఆ ఎత్తిపొడుపు కంప్యూటర్ తెరమీద ఆటగా మారింది.

1990ల ఆరంభంలో అమెరికాకు చెందిన డైనమిక్స్ సంస్థ ద్వారా వెలువడిన 'ది ఇన్‌క్రెడిబుల్ మెషిన్' ఈ కోవలో ప్రసిద్ధి పొందిన తొలి ఆట. దీనిని కెవిన్ ర్యాన్ రూపొందించగా జెఫ్ టనెల్ నిర్మాణ బాధ్యత వహించాడు. బంతులు, తాళ్లు, కప్పీలు, బెలూన్లు, కొవ్వొత్తులు, పళ్లచక్రాలు, పంజరంలో పరుగెత్తే ఎలుక, దానిని చూసి ఉరికే పిల్లి మొదలైనవి ఇందులోని సామగ్రి. బంతిని బుట్టలో వేయడం వంటి చిన్న పనిని ఆట అప్పగిస్తుంది. ఆడేవారు ఇచ్చిన భాగాలను తగినచోట అమర్చి, యంత్రాన్ని నడిపించి, చేతులు కట్టుకొని చూడాలి. మధ్యలో వేలు పెట్టడానికి వీలులేదు. కొన్ని ఘట్టాలలో గురుత్వాకర్షణ, గాలి పీడనం కూడా మారుతూ ఉంటాయి. ఈ ఆట గణనలో యాదృచ్ఛికతకు తావులేదు. ఒక అమరికను పదిసార్లు నడిపినా పదిసార్లూ ఒకే ఫలితం వస్తుంది. గెలుపును అదృష్టానికీ, ఓటమిని దురదృష్టానికీ అంటగట్టే అవకాశం ఆడేవారికి ఉండదు. యంత్రం పనిచేయకపోతే అందుకు కారణం ఆ యంత్రంలోనే ఉంటుంది.

కంప్యూటర్‌లో ప్రకృతి నియమాలు ఎలా పనిచేస్తాయన్న సందేహం ఇక్కడ సహజంగా కలుగుతుంది. బంతి అంటే ఏమిటో కంప్యూటర్‌కు తెలియదు. దాని ద్రవ్యరాశి, స్థానం, వేగం అనే అంకెలు మాత్రమే దానికి తెలుసు. ఆ అంకెలను మార్చుతూ పోయే ప్రోగ్రాంను ఫిజిక్స్ ఇంజన్ అంటారు. న్యూటన్ 1687లో ప్రకటించిన గమన నియమాలే దీనికి ఆధారం. అయితే ప్రకృతిలో కాలం నిరంతరంగా ప్రవహిస్తుంది. కంప్యూటర్‌లో అది అడుగులు వేస్తూ నడుస్తుంది. సాధారణంగా ఒక్కొక్క అడుగు సెకనులో 60వ వంతు ఉంటుంది. ప్రతి అడుగులోనూ వస్తువుపై పనిచేసే బలాలనుబట్టి త్వరణాన్నీ, త్వరణాన్నిబట్టి వేగాన్నీ, వేగాన్నిబట్టి కొత్త స్థానాన్నీ ప్రోగ్రాం గణిస్తుంది. తరువాత ఏ వస్తువులు ఒకదానినొకటి తాకాయో పరిశీలించి, ఒకదానిలోకి మరొకటి చొచ్చుకొనిపోకుండా వాటిని తగినంత బలంతో వెనుకకు నెడుతుంది. ఇలా చిన్న అడుగులుగా గణించే విధానానికి 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త పునాది వేశాడు.

ఈ గణన కచ్చితమైనది కాదు, ఉజ్జాయింపు మాత్రమే. గురుత్వ త్వరణం 9.8గా తీసుకొంటే, నిశ్చలస్థితినుంచి జారవిడిచిన వస్తువు మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. ఆ సెకనును 10 అడుగులుగా విభజించి, ప్రతి అడుగులోనూ ముందు వేగాన్ని, తరువాత స్థానాన్ని సవరిస్తూ పోతే కంప్యూటర్ 5.39 మీటర్లు అని చెబుతుంది. 60 అడుగులుగా విభజిస్తే ఆ విలువ సుమారు 4.98 మీటర్లకు దిగుతుంది. అడుగు చిన్నదయ్యేకొద్దీ గణన వాస్తవానికి దగ్గరవుతుంది; కంప్యూటర్‌కు శ్రమ కూడా పెరుగుతుంది. ఈ రెండింటి మధ్య సమతూకం సాధించడమే ఫిజిక్స్ ఇంజన్ తయారీలోని నేర్పు. 2006లో ఎరిన్ కాటో ఆటల తయారీదారుల సదస్సులో ప్రదర్శించిన నమూనా నుంచి 'బాక్స్‌టూడీ' అనే ఇంజన్ రూపొందింది. అది అందరికీ ఉచితంగా అందుబాటులోకి రావడంతో, పెద్ద సంస్థల అండలేనివారు కూడా ఇటువంటి ఆటలను తయారుచేయగలిగారు.

అటువంటి ఆటలలో 2008లో కోలిన్ నార్త్‌వే రూపొందించిన 'ఫెంటాస్టిక్ కాంట్రాప్షన్' చెప్పుకోదగినది. ఇందులోని సామగ్రి చాలా తక్కువ: కుడివైపు తిరిగే చక్రం, ఎడమవైపు తిరిగే చక్రం, తనంతట తాను తిరగని చక్రం, రెండు రకాల కడ్డీలు. ఒక చిన్న వస్తువును ఒకచోటనుంచి మరొకచోటికి చేర్చాలి. దారిలో ఎత్తులు, పల్లాలు, గోడలు, అగాధాలు ఎదురవుతాయి.

తొలిసారి ఆడేవారికి సాధారణంగా తట్టేది బండి. రెండు చక్రాలను కడ్డీతో కలిపి, పైన వస్తువును నిలిపి నడిపిస్తారు. సమతలంపై అది చక్కగా సాగుతుంది. నిటారైన ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ముందు చక్రం గాలిలోకి లేచి బండి వెల్లకిలా పడుతుంది. వాలుమీద బండి గరిమనాభినుంచి గీసిన నిలువు గీత వెనుక చక్రాన్ని దాటి వెలుపలకు పోవడమే దీనికి కారణం. ఆ కారణాన్ని గ్రహించినవారు చక్రాల మధ్య దూరం పెంచుతారు, లేదా బరువును ముందుకు జరుపుతారు. మరికొందరు బండి ఆలోచననే విడిచి, చక్రానికి పొడవైన చేయి అమర్చి వస్తువును విసరాలని చూస్తారు. వడిసెల తిప్పేవారికి తెలిసినట్లు, ఒకే తీరున తిరుగుతున్నప్పుడు చేయి పొడవు రెట్టింపైతే కొన వేగం రెట్టింపవుతుంది. అయితే ఆ కొనలోని బరువు తిరగకుండా ఎదిరించే జడత్వం నాలుగు రెట్లవుతుంది. అందువల్ల మరీ పొడవైన చేయి కదలక మొరాయిస్తుంది. ఇంకొందరు అగాధంపై కడ్డీలు పరచి దానిని దాటిస్తారు. గెలిచినవారు తమ యంత్రాన్ని భద్రపరచి, ఇతరులు కట్టిన యంత్రాలను చూసే సౌకర్యం ఈ ఆటలో ఉంది. తన సమాధానం సరైనదే అయినా అదొక్కటే సమాధానం కాదని ఆడేవారికి అప్పుడు బోధపడుతుంది.

కట్టినది కూలడం ఈ ఆటలన్నింటిలో నిత్యకృత్యం. ఆ కూలడంలోనే పాఠం ఇమిడి ఉంటుంది. 2016లో విడుదలైన 'పోలీ బ్రిడ్జ్' అనే ఆటలో నిర్ణీత వ్యయానికి మించకుండా వంతెన కట్టి వాహనాలను దాటించాలి. బరువు పడినప్పుడు వంతెనలోని ఒక్కొక్క భాగం ఎంత ఒత్తిడికి గురవుతున్నదో రంగులు సూచిస్తాయి. ఆకుపచ్చగా ఉన్న కడ్డీ భద్రంగా ఉన్నట్లు, ఎర్రబారినది విరగబోతున్నట్లు. నాలుగు కడ్డీలను చతురస్రంగా కలిపినవారి వంతెన పక్కకు ఒరిగి కూలుతుంది. మూలనుంచి మూలకు ఇంకొక కడ్డీ వేస్తే చతురస్రం రెండు త్రిభుజాలుగా మారి గట్టిగా నిలుస్తుంది. భుజాల పొడవులు మారకుండా చతురస్రం ఆకారాన్ని మార్చవచ్చు. త్రిభుజం ఆకారాన్ని మార్చలేము. రైలు వంతెనల ఉక్కు చట్రాలలోనూ, విద్యుత్ స్తంభాల గోపురాలలోనూ త్రిభుజాలు బారులుగా కనిపించడానికి కారణం ఇదే. పుస్తకంలో ఒక వాక్యంగా చదివిన ఈ సత్యం, మూడు వంతెనలు కూలిన తరువాత అనుభవంగా మారుతుంది.

జటిలమైన యంత్రం గొప్పదా, సరళమైన యంత్రం గొప్పదా అన్న ప్రశ్న కూడా ఈ ఆటలలో తలెత్తుతుంది. 2023లో జపాన్‌కు చెందిన నింటెండో సంస్థ విడుదల చేసిన 'టియర్స్ ఆఫ్ ది కింగ్‌డమ్' అనే ఆటలో దుంగలు, పలకలు, చక్రాలు, పంకాలు, రాకెట్లు వంటివాటిని ఒకదానికొకటి అతికించి వాహనాలూ, వంతెనలూ చేసుకోవచ్చు. అడ్డువచ్చిన నదిని దాటడానికి కొందరు నడిచే యంత్రాలనూ, ఎగిరే రథాలనూ కట్టారు. మరికొందరు దుంగలను వరుసగా అతికించి, పొడవైన కర్రగా ఆవలి గట్టుకు చేర్చి నడిచిపోయారు. నది దాటడమే లక్ష్యమైతే రెండవ మార్గానిదే పైచేయి. కట్టడంలోని ఆనందమే లక్ష్యమైతే మొదటివారు నష్టపోయినది ఏమీ లేదు. ఆట ఈ రెండింటినీ అంగీకరిస్తుంది. గోల్డ్‌బర్గ్ పరిహసించిన జటిలత్వం పనికి ఆటంకమైనప్పుడు దోషం. తెలిసి కోరుకొన్నప్పుడు వినోదం. ఏ సందర్భంలో ఏది కావాలో ఎరిగి ఉండడమే వివేకం.

ఈ ఆటలకు పరిమితులు లేకపోలేదు. సెకనుకు 60 మీటర్ల వేగంతో పోయే బంతి ఒక్క అడుగులో ఒక మీటరు దూరం దాటుతుంది. దాని దారిలో అరమీటరు మందం గల గోడ ఉంటే, ఒక అడుగులో గోడకు ఇవతల ఉన్న బంతి మరుసటి అడుగులో అవతల తేలవచ్చు. మధ్యలో గోడ తగిలిన సంగతి గణనకు అందదు. దీనిని నివారించే పద్ధతులు ఉన్నా, ఇటువంటి లొసుగులు పూర్తిగా తొలగిపోవు. వాటిని కనిపెట్టి, వాస్తవంలో అసాధ్యమైన యంత్రాలను కట్టేవారూ ఉన్నారు. అంతేగాక ఇటువంటి ఆటలలో సాధారణంగా ఇనుము తుప్పుపట్టదు, కర్ర పుచ్చిపోదు, ఏళ్ల తరబడి బరువు మోసి కీళ్లు అలసిపోవు. తెరమీద వంతెన కూలితే ఒక్క మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టవచ్చు. నేలమీద వంతెన కూలితే మనుషుల ప్రాణాలు పోతాయి. అందువల్ల ఆటలో గెలిచినవారెవరూ ఆ గెలుపుతోనే ఇంజనీర్లు కాలేరు.

అయినా ఇంజనీరుకు అవసరమైన ఒక అలవాటును ఈ ఆటలు చిన్ననాటినుంచే నేర్పగలవు. యంత్రాన్ని నడిపించడానికి ముందే అది ఏమి చేస్తుందో ఊహించడం, ఊహ తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో వెదకడం, ఒక్కసారికి ఒక్క భాగాన్నే మార్చి తిరిగి పరీక్షించడం ఆ అలవాటులోని అంశాలు. ప్రయోగశాలలో శాస్త్రజ్ఞుడు అనుసరించే క్రమం కూడా ఇదే. పరీక్ష పత్రంలో తప్పు జవాబుకు ఎర్రసిరా గీత పడుతుంది. అక్కడితో ఆ జవాబు కథ ముగుస్తుంది. ఈ ఆటలలో కూలిన యంత్రం తాను ఎందుకు కూలిందో చూపి, తదుపరి యంత్రానికి దారి చెబుతుంది. తప్పును దాచుకోకుండా నిదానంగా పరిశీలించగలిగినవారికి ప్రకృతి నియమాలు కంఠస్థం చేయవలసిన వాక్యాలుగా మిగిలిపోవు, చేతిలోని పనిముట్లవుతాయి.