పందికి టీకా – మనిషికి రక్ష

ఎవరికైనా మూర్ఛ వస్తే గాలి సోకిందంటారు. తాయెత్తు కడతారు. చేతిలో తాళాలు పెడతారు. కాని చాలామందికి మూర్ఛ రావటానికి కారణం గాలి కాదు, ఒక పురుగు. అదే బద్దెపురుగు.

ఈ పురుగు మనిషి పేగుల్లో పెరుగుతుంది. దాని గుడ్లు మలంతో బయటికి వస్తాయి. మనం ఆరుబయట దొడ్డికి పోతే ఆ మలాన్ని పందులు తింటాయి. పంది కండల్లో బఠాణీ గింజంత నీటి తిత్తులు కడతాయి. ఆ మాంసాన్ని సరిగా ఉడికించకుండా తింటే మనిషి పేగుల్లో మళ్ళీ పురుగు పెరుగుతుంది.

మరి పంది మాంసం ముట్టని వాళ్ళకు భయం లేదా? ఉంది. మురికి చేతులు, మురికి నీళ్ళు, కడగని ఆకుకూరల వల్ల ఆ గుడ్లు ఎవరి కడుపులోకైనా పోతాయి. అప్పుడు మనిషి మెదడులోనే తిత్తులు కట్టవచ్చు. దానితో మూర్ఛ వస్తుంది.

ఈ తిత్తులు రాకుండా పందులకు టీకా ఉంది. పేరు సిస్‌వ్యాక్స్. ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ విశ్వవిద్యాలయం పరిశోధన ఆధారంగా, మన హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ దీన్ని తయారు చేసింది. పందికి రెండుసార్లు వేయించాలి. ముందే ఉన్న తిత్తులు టీకాతో పోవు. వాటికి పశువుల డాక్టరు మందు తాగిస్తారు.

టీకా ఒక్కటే చాలదు. అందరూ మరుగుదొడ్డి వాడాలి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. లాలాగూడ బజారులో కొన్న కొత్తిమీరైనా, పెరట్లో కోసిన తోటకూరైనా బాగా కడగాలి. మూర్ఛ వస్తే తాయెత్తు కాదు, డాక్టరు కావాలి.