గన్నేరు

గన్నేరు ఏడాది పొడవునా ఆకుపచ్చగా ఉండే అలంకార పొద. దీని శాస్త్రీయ నామం నీరియం ఒలియాండర్. ఇది అపోసైనేసి కుటుంబానికి చెందినది. నీరియం ప్రజాతిలో ఉన్న జాతి ఇదొక్కటే. సంస్కృతంలో దీనిని కరవీరము అని, అశ్వమారకము అని అంటారు. అశ్వమారకము అంటే గుర్రాన్ని చంపేది అని అర్థం. ఈ మొక్కలోని అన్ని భాగాలూ విషపూరితమైనవి.

లక్షణాలు

ఈ పొద సాధారణంగా 2 నుండి 6 మీటర్ల ఎత్తు పెరుగుతుంది. మొదలు నుండే అనేక కొమ్మలు వేస్తుంది. ఆకులు సన్నగా, పొడవుగా, దళసరిగా ఉండి, ఎక్కువగా కణుపుకు మూడు చొప్పున వస్తాయి. ఆకు మధ్య ఈనె స్పష్టంగా కనిపిస్తుంది. పువ్వులు కొమ్మల చివర గుత్తులుగా పూస్తాయి. ఇవి తెలుపు, గులాబి, ఎరుపు రంగులలో ఉంటాయి. ఒంటిరెక్క పువ్వుకు అయిదు రెక్కలు, గొంతు వద్ద చీలికలు గల కుచ్చు ఉంటాయి. ముద్దపూల రకాలు కూడా ఉన్నాయి. కాయలు సన్నగా, పొడవుగా ఉంటాయి. అవి పగిలినప్పుడు నూగు గల విత్తనాలు బయటపడతాయి.

ఇతర గన్నేరులతో తేడాలు

తెలుగులో గన్నేరు అనే పేరు మరికొన్ని మొక్కలకు కూడా ఉన్నది. వీటి గుణాలు ఒకటి కావు.

* పచ్చ గన్నేరు: ఆకులు కణుపుకు ఒక్కటి చొప్పున వస్తాయి. పువ్వులు పసుపు రంగులో గరాటు ఆకారంలో ఉంటాయి. కాయ గుండ్రంగా ఉండి, పండితే నల్లబడుతుంది. ఇదీ తీవ్రమైన విషమే. గింజ మరీ ప్రమాదకరం.
* బిళ్ళ గన్నేరు: మీటరుకు మించని చిన్న మొక్క. ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. క్యాన్సరు చికిత్సలో వాడే విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ దీని నుండి లభిస్తాయి.
* దేవ గన్నేరు: లావైన కొమ్మలు, పెద్ద ఆకులు గల చిన్న చెట్టు. ఆకులు రాలుతుంది.

ఒకదానికి చెప్పిన నాటువైద్యాన్ని పేరును బట్టి మరొకదానికి వాడటం ప్రాణాపాయకరం.

పెంపకం

గన్నేరుకు పూర్తి ఎండ, నీరు నిలవని నేల కావాలి. నీడలో పూత తగ్గుతుంది. వేళ్ళూనిన తరువాత నీటి ఎద్దడిని బాగా తట్టుకుంటుంది. పచ్చి ఆకులను పశువులు సాధారణంగా ముట్టవు. అందువలన రహదారుల మధ్య విభాగాలలో దీనిని విరివిగా నాటుతారు. పువ్వులు కొత్త చిగుళ్ళపై వస్తాయి కనుక పూత ముగిసిన తరువాత కొమ్మలు కత్తిరించాలి. లేత చిగుళ్ళకు పసుపు రంగు పేనుబంక పడుతుంది. నీటిని ధారగా కొట్టి దానిని వదిలించవచ్చు.

ప్రవర్ధనం

కొమ్మలు నాటడం సులభమైన పద్ధతి. వర్షాకాలం ఆరంభంలో, సగం ముదిరిన కొమ్మను 15 నుండి 20 సెంటీమీటర్ల పొడవున, కణుపుకు కింద కత్తిరించాలి. అడుగు ఆకులు తీసివేసి, తడి ఇసుకలో రెండు కణుపులు మునిగేటట్లు గుచ్చి నీడలో ఉంచాలి. సుమారు నెల రోజులలో వేళ్ళు వస్తాయి. నీటిలో ఉంచినా వేళ్ళు వస్తాయి. అయితే ఆ నీరు కూడా విషమే. గాలి అంటు కూడా కట్టవచ్చు. విత్తనాల నుండి వచ్చిన మొక్కలు తల్లి మొక్క రంగులోనే పూయాలని లేదు.

విషప్రభావం, జాగ్రత్తలు

ఇందులోని ఒలియాండ్రిన్ మొదలైన గ్లైకోసైడులు గుండె లయను దెబ్బతీస్తాయి. వాంతులు, కడుపునొప్పి, నాడి మందగించడం ప్రధాన లక్షణాలు. ఆకులు ఎండినా విషం పోదు. ఎండుటాకులు మేతలో కలిస్తే పశువులు తెలియక తింటాయి. కనుక కత్తిరించిన కొమ్మలను పశువులకు అందకుండా పూడ్చివేయాలి; పొగ కూడా హానికరం కనుక కాల్చరాదు. కత్తిరించేటప్పుడు చేతులకు తొడుగులు ధరించాలి, తరువాత సబ్బుతో కడుక్కోవాలి.

2024 మే నెలలో కేరళలోని తిరువాంకూరు దేవస్వం బోర్డు తన ఆలయాలలో నైవేద్య ప్రసాదాలకు గన్నేరు పువ్వుల వాడకాన్ని నిలిపివేసింది.

ఎవరైనా ఈ మొక్క భాగాలను మింగినట్లయితే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మొక్కను గుర్తించేందుకు ఒక రెమ్మను కూడా వెంట తీసుకువెళ్ళడం మంచిది.